మా ఊరి అర్జీ

సరి సంవత్సరం చివరికొచ్చిందంటే టెక్సాస్‌లో చాలా నగరాలు ఒక చిట్టా తయారు చేసుకునే పనిలో పడతాయి. మేముండే ప్లేనో కూడా అంతే. వచ్చే జనవరిలో ఆస్టిన్‌లో రాష్ట్ర శాసనసభ కూర్చుంటుంది. ఆ సభ ఏ చట్టం చేస్తే ఊరికి మేలు, ఏది చేస్తే కీడు అన్నది సిటీ కౌన్సిల్ ముందే తేల్చుకుని, తీర్మానం చేసి, కాగితం మీద పెడుతుంది. దాని అధికారిక నామం లెజిస్లేటివ్ ప్రోగ్రాం. నాకు మాత్రం అది పెద్దవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లే అర్జీలాగే కనిపిస్తుంది.

ఇక్కడ మన ఇళ్లలో సరిగ్గా అవే దసరా, దీపావళి రోజులు. పులిహోర పళ్లేలు చేతిలో పట్టుకుని నిలబడి మాట్లాడుకునే కబుర్లలో హెచ్-1బీ ఉంటుంది, గ్రీన్‌కార్డు క్యూ ఉంటుంది, అమరావతి ఉంటుంది, హైదరాబాద్‌లో హైడ్రా ఏ చెరువు పక్కన ఏం కూల్చిందన్నదీ ఉంటుంది. పది మైళ్ల లోపల, ఒక సోమవారం సాయంత్రం, మన ఇంటి పన్ను ఎంత పెరగొచ్చు, మన వీధి చివర ఖాళీ షాపింగ్ సెంటర్‌లో అపార్ట్‌మెంట్లు రావచ్చా, మన ఊరికి రైలు ఉంటుందా అన్న విషయాల మీద ఎనిమిది మంది కూర్చుని ఒక వైఖరి తీసుకుంటున్నారన్న సంగతి మాత్రం ఆ కబుర్లలోకి రాదు.

నాకు ఈ చిట్టా పరిచయమైంది మా వీధిలో ఒక ఇంటి మూలంగా. ఆ ఇంటిని యజమాని రోజువారీ అద్దెకిచ్చేవాడు. శుక్రవారం సాయంత్రమయ్యేసరికి ఊరూపేరూ తెలియని కార్లు వరసగా దిగేవి, అర్ధరాత్రి దాటాక కూడా పాటలు ఆగేవి కావు. వీధివాళ్లం కలిసి సిటీ హాల్‌కి వెళ్లాం. అప్పటికే మాలాంటి ఫిర్యాదులు ఊరంతా ఉన్నాయి. 2023లో ప్లేనో కౌన్సిల్ కొత్తగా అలాంటి అద్దె ఇళ్లు రాకుండా తాత్కాలికంగా నిషేధించింది. 2024 ఏప్రిల్‌లో ఇళ్ల కాలనీల్లో చాలావరకు ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. మేం సంతోషించాం. కానీ ఆ గొడవ నడుస్తున్నప్పుడే అక్కడ ఒక ఉద్యోగి అన్న మాట నాకు గుర్తుండిపోయింది: మేం ఏ నియమం పెట్టినా, ఆస్టిన్‌లో ఒక బిల్లు నెగ్గితే అది చెల్లకుండా పోవచ్చు, సెషన్ ఎలా ముగుస్తుందో చూడాలి. అంత పెద్ద ఊరు, తన వీధిలో ఇల్లు ఎవరికి అద్దెకివ్వాలన్న విషయానికి కూడా రెండు వందల మైళ్ల అవతల ఉన్న సభ వైపు చూడాలా అని ఆశ్చర్యపోయాను. ఆ తర్వాతే చిట్టా చదవడం మొదలుపెట్టాను.

అమెరికా రాజ్యాంగంలో నగరాల ఊసే లేదు. కేంద్రం ఉంది, రాష్ట్రాలు ఉన్నాయి, నగరాలు రాష్ట్రాలు పెట్టుకున్న ఏర్పాటు మాత్రమే. 1868లో అయోవా న్యాయమూర్తి జాన్ డిలన్ ఈ సంగతిని మొహమాటం లేకుండా తేల్చాడు. నగరానికి ప్రాణం పోసేది రాష్ట్ర శాసనసభే, తీసేసే హక్కూ దానిదే అన్నది ఆయన చెప్పిన సూత్రం. టెక్సాస్ 1912లో రాజ్యాంగ సవరణ చేసి, అయిదు వేలు దాటిన ఊళ్లు తమ చార్టర్ తామే రాసుకోవచ్చని కొంత స్వేచ్ఛ ఇచ్చింది. ప్లేనో 1961లో అలా రాసుకుంది. రాష్ట్ర చట్టం అడ్డు చెప్పనంత వరకు తన ఇష్టప్రకారం నడుచుకోవచ్చు. అడ్డు చెప్పిందా, చార్టర్ పక్కకు తప్పుకోవాలి. వేరు కాపురం పెట్టించి తాళంచెవుల గుత్తి మాత్రం అత్తగారు బొడ్లోనే దోపుకున్నట్టు.

ఆ అత్తగారింటి దర్బారు కూడా వింతగానే ఉంటుంది. టెక్సాస్ శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో, జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు కూర్చుంటుంది. గవర్నర్ ప్రత్యేక సమావేశానికి పిలిస్తే తప్ప మళ్లీ రెండేళ్ల దాకా సభ ఉండదు. ప్రతినిధులు 150 మంది, సెనేటర్లు 31 మంది. జీతం ఏడాదికి 7,200 డాలర్లు, అంటే నెలకు 600. అందుకే చాలామంది వకీళ్లో, వ్యాపారులో, పొలాలున్న మారాజులో. ఈ 140 రోజుల్లో ఎనిమిది వేలకు పైగా బిల్లులు వస్తాయి, వెయ్యికి పైగా చట్టాలవుతాయి. వాటిలో నగరాలను తాకేవి వందల్లో ఉంటాయి. ఎక్కడో పన్నెండో పేజీలో ఒక వాక్యం మారితే ఇక్కడ ఊరి బడ్జెట్ తలకిందులవుతుంది. సెషన్ మొదలయ్యాక ప్రతి బిల్లుకూ కౌన్సిల్ సమావేశం పెట్టి ‘మనమేమందాం’ అని అడిగే తీరిక ఉండదు. అందుకే చిట్టా ముందే కావాలి. నగరం తరఫున ఆస్టిన్‌లో తిరిగేవాళ్లకు అదే అధికారపత్రం. చిట్టాలో ఉన్నదాని గురించి ఊరి పేరు మీద మాట్లాడవచ్చు, లేనిదాని గురించి నోరు మెదపకూడదు.

తయారయ్యే పద్ధతి చూస్తే మన ఆఫీసుల్లో వార్షిక ప్రణాళికలు గుర్తొస్తాయి. పోలీసుల్ని, అగ్నిమాపక శాఖని, నీళ్ల విభాగాన్ని, ప్లానింగ్‌వాళ్లని సిబ్బంది అడుగుతారు: పోయినసారి ఏ చట్టం మీ పనికి అడ్డొచ్చింది, ఈసారి ఏం రాబోతోందని విన్నారు? రాష్ట్రంలోని 1,100కు పైగా ఊళ్లు సభ్యులుగా ఉన్న టెక్సాస్ మునిసిపల్ లీగ్ తన తీర్మానాలు తాను చేసుకుని పంపుతుంది. ఇవన్నీ కలిపిన ముసాయిదా కౌన్సిల్ ముందుకొస్తుంది. అక్కడ మాట్లాడదలచుకున్నవాళ్లు పేరు రాసిస్తే మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. నేను వెళ్లిన రాత్రి ఈ అంశం మీద మాట్లాడ్డానికి ఎవరూ పేరివ్వలేదు. ఒక స్టాప్ సైన్ గురించి మాత్రం చాలామంది ఇచ్చారు.

చదువుతూ పోతే ఒక సంగతి తేలిగ్గానే కళ్లకు కడుతుంది. ఏ నగరం చిట్టా తీసినా ‘మాకిది ఇవ్వండి’ అన్న మాటలు తక్కువ, ‘మా దగ్గరున్నది తీసుకోకండి’ అన్నవి ఎక్కువ. పన్ను వేసే అధికారం తగ్గించే ఏ బిల్లునైనా వ్యతిరేకిస్తాం, జోనింగ్ అధికారాన్ని తొలగించే ఏ బిల్లునైనా వ్యతిరేకిస్తాం, మా కాలువల మీద, రోడ్ల మీద మా మాట చెల్లకుండా చేసే ఏ బిల్లునైనా వ్యతిరేకిస్తాం. ఇంత భయం ఎందుకో గత పదిపన్నెండేళ్ల చరిత్ర చూస్తే తెలుస్తుంది.

2014 నవంబరులో మాకు పశ్చిమంగా ఉన్న డెంటన్ ఓటర్లు తమ ఊళ్లో ఫ్రాకింగ్ వద్దని తీర్పిచ్చారు. ఆర్నెల్లు తిరిగేసరికి శాసనసభ హెచ్‌బీ 40 చేసి ఆ తీర్పును నీళ్లలో కలిపింది. మెక్సికో సరిహద్దులో లరేడో ఊరు ప్లాస్టిక్ సంచులు వద్దంటే, అది రాష్ట్ర చట్టానికి విరుద్ధమని 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023లో వచ్చిన హెచ్‌బీ 2127 ఒక్క విషయంతో ఆగలేదు. వ్యవసాయం, వ్యాపారం, కార్మికులు, ఆస్తి ఇలా మొత్తం చట్టసంహితలనే తీసుకుని, వాటిలో రాష్ట్రం అనుమతించిన చోట తప్ప ఊళ్లు సొంత నియమాలు చేయకూడదంది. ప్రత్యర్థులు దానికి ‘డెత్ స్టార్’ అని పేరు పెట్టారు. భవన కార్మికులకు నాలుగు గంటలకోసారి పది నిమిషాలు నీళ్లు తాగే విరామం ఇవ్వాలని ఆస్టిన్, డాలస్ పెట్టుకున్న నియమాల మీద కూడా దాని నీడ పడింది. ఇక్కడి వేసవిలో వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటే రోజులు మామూలే. హ్యూస్టన్ కోర్టుకెళ్లింది. కింది కోర్టు ఆ చట్టం రాజ్యాంగవిరుద్ధమంది, 2025 జూలైలో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసింది.

పన్ను సంగతి మనవాళ్లకు బాగా తెలిసినదే, ఒకవైపు నుంచి మాత్రమే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయప్పన్ను లేదు. కాలిఫోర్నియా నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చినప్పుడు ఇది విని మురిసిపోతాం. తర్వాత ఏటా వసంతకాలంలో ఇంటి విలువ కట్టిన నోటీసు వస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో ప్రొటెస్టు ఎలా వేయాలో, ఏ ఏజెంటు మంచివాడో చర్చలు మొదలవుతాయి. ఆ బిల్లులో ఊరి వాటా నిజానికి చిన్నది. ప్లేనో రేటు 2024-25లో వంద డాలర్ల విలువకు 41.76 సెంట్లు. అయిదు లక్షల డాలర్ల ఇంట్లో మనమే ఉంటున్నామనుకుంటే, ఊరిచ్చే 20 శాతం మినహాయింపు పోను, ఏడాదికి 1,670 డాలర్లు. స్కూలు పన్ను దీనికి రెట్టింపు మించి ఉంటుంది. ఆ స్కూలు జిల్లా మరో ప్రభుత్వం, దానికి మరో బోర్డు, మరో చిట్టా.

2019లో శాసనసభ ఎస్‌బీ 2 చేసింది. అంతకుముందు ఊరు తన రోజువారీ ఖర్చుల కోసం, పాత ఆస్తుల మీద వచ్చే పన్ను ఆదాయాన్ని ఏటా 8 శాతం దాకా పెంచుకోవచ్చు. అది దాటితే ప్రజలు సంతకాలు సేకరించి ఎన్నిక కోరవచ్చు. కొత్త చట్టం ఆ గీతను 3.5 శాతానికి దించింది, దాటితే ఎన్నిక తప్పనిసరి చేసింది. నాకు ఇంటి బిల్లు తగ్గితే సంతోషమే. కానీ ఒకే గీత అన్ని ఊళ్లకూ ఒకేలా పనిచేయదు. కొత్త కట్టడాల మీద వచ్చే పన్నుకు ఈ పరిమితి వర్తించదు. ఉత్తరాన సెలైనా, ప్రాస్పర్‌లలో పొలాలు ఇంకా కాలనీలవుతూనే ఉన్నాయి, వాళ్లకు ఆ దారి తెరిచే ఉంది. ప్లేనోలో ఖాళీ నేల దాదాపు అయిపోయింది. 1980లలో వేసిన రోడ్లు, నీటి పైపులు ఇప్పుడు ముసలివయ్యాయి. పెరిగే ఊరికి సరిపోయే అంగీని పెరగడం ఆగి మరమ్మతులకొచ్చిన ఊరికి తొడిగారు. చిట్టాలో ‘ఆదాయ పరిమితిని ఇంకా తగ్గించడాన్ని వ్యతిరేకిస్తాం’ అన్న ఒక్క వాక్యం వెనక ఇంత కథ ఉంది. ఈ విషయంలో నేను ఊరి పక్షమే.

అన్నిట్లోనూ కాదు. చిట్టాలో నన్ను ఇబ్బంది పెట్టిన భాగం ఇళ్ల గురించి.

2025 సెషన్‌లో రెండు బిల్లులు చట్టాలయ్యాయి. ఎస్‌బీ 15, ఎస్‌బీ 840. పెద్ద కౌంటీల్లో లక్షా యాభై వేల జనాభా దాటిన నగరాలకు ఇవి వర్తిస్తాయి. మొదటిది, ఇంకా ప్లాట్లు వేయని అయిదెకరాలకు తక్కువ కాని నేలలో ఇళ్లు కడితే, ప్లాటు 3,000 చదరపు అడుగుల కంటే పెద్దది ఉండాలని నగరం పట్టుబట్టకూడదంటుంది. రెండోది, దుకాణాలకూ ఆఫీసులకూ కేటాయించిన నేలలో అపార్ట్‌మెంట్లు కట్టుకోవడానికి కౌన్సిల్ అనుమతి అక్కర్లేదంటుంది. ప్లేనోకు రెండోదే పెద్ద దెబ్బ, లేదా పెద్ద వరం. అయిదెకరాల పచ్చినేల ఇక్కడ దొరకడం కష్టం, ఖాళీ పడ్డ దుకాణ సముదాయాలు మాత్రం ఉన్నాయి. జోనింగ్ తమ చేతిలోంచి జారిపోకూడదని నగరాలు గట్టిగా కొట్లాడాయి. చట్టం వచ్చాక దగ్గర్లోని ఇర్వింగ్ అలాంటి అపార్ట్‌మెంట్లు కనీసం ఎనిమిది అంతస్తులుండాలని కొత్త నియమం పెట్టింది. అంత ఎత్తు కట్టాలంటే ఖర్చు పెరిగిపోయి చిన్న బిల్డరు రాడని దాని అర్థం తెలిసినవాళ్లు అంటున్నారు.

మూడు వేల చదరపు అడుగులంటే 333 గజాలు. హైదరాబాద్ శివారులో రెండు వందల గజాల ప్లాటు కొన్నవాడు బంధువులందరికీ ఫొటోలు పంపుతాడు. ప్లేనో జోనింగ్‌లో ఎస్‌ఎఫ్-7 అనే మామూలు తరగతికి కనీసం 7,000 చదరపు అడుగులు కావాలి, అంటే సుమారు 778 గజాలు. 333 గజాల్లో మనుషులు బతకలేరని మనకెవరైనా చెబితే నవ్వుతాం.

ఈ బిల్లుల రోజుల్లో మా సబ్‌డివిజన్‌లో ఒక పెద్దాయన నన్ను ఆపి మాట్లాడారు. తెలుగాయనే, ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లయింది. “ఇంకా ఎన్ని అపార్ట్‌మెంట్లమ్మా? రోడ్లేమవుతాయి, స్కూళ్లేమవుతాయి? సిటీ వాళ్లు గట్టిగా ఆపాలి, నువ్వు కూడా ఒక ఈమెయిల్ కొట్టు” అన్నారు. అదే వారంలో మా ఆఫీసులో రెండేళ్ల కిందట చేరిన కుర్రాడు మరోలా అన్నాడు. “అక్కా, అద్దె ఏటేటా పెంచుతున్నారు. మంచి స్కూలున్న ఊళ్లో చిన్న ఇల్లయినా చాలు. ఆ బిల్లులు వస్తే మాకు కాస్త దారి దొరుకుతుందేమో కదా?” ఇద్దరిదీ న్యాయమే. పెద్దాయన చెప్పే రోడ్ల ఇరుకు నిజం. కానీ ఆయన ఈ ఊరికొచ్చినప్పుడు దిగింది ఒక అపార్ట్‌మెంట్‌లోనే, నేనూ అంతే. పిల్లల బడి వచ్చేదాకా మేమందరం అలాంటి గదుల్లోనే ఉన్నాం. స్కూళ్లు కిక్కిరుస్తాయన్న భయానికి ఇప్పుడు ఆధారం కూడా తక్కువ. పిల్లలు తగ్గిపోయారని ప్లేనో స్కూలు జిల్లా 2024లో నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. ఇళ్ల ధరలు యువ కుటుంబాలను ఉత్తరానికి తోసేస్తుంటే బళ్లు ఎలా నిండుతాయి?

కౌన్సిల్ చిట్టా మాత్రం పెద్దాయన గొంతుతోనే మాట్లాడుతుంది. ‘మా పౌరులు కోరుతున్నది’ అని రాసినప్పుడు ఆ పౌరుల్లో ఇల్లు కొనుక్కున్నవాళ్లు, మే నెలలో జరిగే నగర ఎన్నికల్లో ఓటేసేవాళ్లు ఉన్నారు. అపార్ట్‌మెంట్ లీజు ముగిసేలోగా ఏ ఊరికి పోవాలో లెక్కలు వేసుకుంటున్న కుర్రాడు అందులో లేడు. వచ్చే ఏడాది రాబోయే కుటుంబం అసలే లేదు. స్థానిక అధికారం అన్న మాటలో బలముంది. మా వీధి గోల ఆపింది ఆ అధికారమే. కానీ ముందొచ్చి కూర్చున్నవాళ్లు వెనకొచ్చేవాళ్లకు తలుపు వేసుకోవడానికీ అదే అధికారం పనికొస్తుంది. ఏ అంశం ఏ కోవలోదో చిట్టా మనకు చెప్పదు, మనమే చదివి తేల్చుకోవాలి.

డార్ట్ సంగతి ఇంకా చిక్కు. డాలస్ చుట్టుపక్కల ఊళ్లు 1983లో ఓటేసి పెట్టుకున్న రవాణా సంస్థ అది. సభ్య ఊళ్లలో డాలరుకు ఒక సెంటు అమ్మకపు పన్ను దానికి పోతుంది. మనం కొనే వస్తువు మీద 8.25 శాతం పన్నులో రాష్ట్రానిది 6.25, ఊళ్ల చేతికొచ్చేది రెండే సెంట్లు. ప్లేనో అందులో సగం రైలుకిచ్చింది. పక్కనే ఉన్న ఫ్రిస్కో ఆ సెంటును రైలుకివ్వకుండా రెండు అర సెంట్లు చేసి, పరిశ్రమల్నీ పార్కుల్నీ తెచ్చే రెండు కార్పొరేషన్లకు పెట్టుకుంది. ఫ్రిస్కో మెరుపులు చూసి ప్లేనో కౌన్సిల్‌కు ఆ సెంటు మీద మనసు పడటంలో వింత లేదు. 2024లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2023లో ప్లేనో నుంచి డార్ట్‌కు పోయింది సుమారు 109 మిలియన్ డాలర్లు, డార్ట్ ప్లేనోలో పెట్టిన ఖర్చు సుమారు 44 మిలియన్లు. 2024లోనే ప్లేనోతో పాటు కొన్ని ఊళ్లు ఆ సెంటును ముప్పావు సెంటు చేయాలని తీర్మానించాయి. ప్లేనో ప్రతినిధి మ్యాట్ షహీన్ 2025లో పెట్టిన హెచ్‌బీ 3187 దాదాపు అదే కోరింది, డార్ట్ ఆదాయంలో నాలుగో వంతు ఊళ్లకు తిరిగివ్వాలని. అది నెగ్గలేదు. ఆ నవంబరులో ప్లేనో కౌన్సిల్ ఏకంగా డార్ట్ నుంచి తప్పుకుందామా అని ఓటర్లను అడగడానికి సిద్ధపడింది. తర్వాత బేరసారాలు నడిచాయి. చిట్టా బలం ఇక్కడ కనిపిస్తుంది. అర్జీ పట్టుకుని ఆస్టిన్ వెళ్లిన ఊరు పని కాకపోయినా ఉత్త చేతులతో రాదు, అవతలివాళ్లను బల్ల దగ్గరికి తెచ్చుకుంటుంది.

లెక్క చూస్తే ప్లేనో ఫిర్యాదులో పస ఉంది. అయినా నాకు మా అమ్మానాన్న గుర్తొస్తారు. ఆర్నెల్లకు వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడ కారు నడపడం రాదు, పిల్లలు ఆఫీసుకెళ్తే ఇంటి ముందు వాకిలే వాళ్ల అమెరికా. మా నాన్నకు పార్కర్ రోడ్ స్టేషన్ చూపించాక ఒక్కరే రెడ్ లైన్ ఎక్కి డాలస్ డౌన్‌టౌన్ దాకా వెళ్లి వచ్చేవారు. రైల్లో పక్కన కూర్చున్నవాళ్ల కబుర్లు సాయంత్రం మాకు చెప్పేవారు. 2025 అక్టోబరులో ప్లేనో నుంచి డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయానికి 26 మైళ్ల సిల్వర్ లైన్ కూడా మొదలైంది. 44 మిలియన్ల పద్దులో మా నాన్న ప్రయాణం లెక్కకొచ్చిందో లేదో గానీ, ఆ తీర్మానం మీద చర్చ జరిగినప్పుడు ఆయన తరఫున మాట్లాడినవాళ్లు తక్కువ.

ఈ చిట్టా పట్టుకుని తిరిగే లాబీయిస్టుల మీదే ఆస్టిన్‌లో మరో యుద్ధం నడుస్తోంది. పన్ను కట్టేవాడి డబ్బుతో, అతని పన్ను తగ్గించే బిల్లునే ఓడించడానికి నగరం లాబీయిస్టును పెట్టుకోవడమేమిటని కొందరి వాదన. 2019, 2021, 2023, 2025, నాలుగు సాధారణ సెషన్లలోనూ దీన్ని నిషేధించే బిల్లును సెనేట్ ఆమోదించింది, నాలుగుసార్లూ అది హౌస్‌లో ఆగిపోయింది. వినడానికి ఆ వాదన బాగుంటుంది. కానీ కేబుల్ కంపెనీకి, చమురు కంపెనీకి, బిల్డర్ల సంఘానికి అక్కడ మనుషులున్నారు. ఎనిమిది వేల బిల్లుల్లో ఊరిని తాకే వాక్యాన్ని పట్టుకోవడానికి ఊరికి మాత్రం ఎవరూ ఉండకూడదంటే నెగ్గేదెవరో ముందే తెలుస్తుంది. చిన్న ఊళ్లకు ఇంకా కష్టం. ప్లేనో తన సిబ్బందిని పంపుకోగలదు, రెండు వేల జనాభా ఉన్న ఊరు మునిసిపల్ లీగ్ మీదే ఆధారపడాలి. నాకు లాబీయిస్టుతో పేచీ లేదు. అతని చేతిలో పెట్టే కాగితం మీద ఎవరి మాట రాస్తున్నామన్నదే నా ప్రశ్న.

ఆ ఇళ్ల బిల్లుల్లో ఒకదాని మీద ఆస్టిన్‌లో జరిగిన కమిటీ విచారణకు నేనూ వెళ్లాను. ఎర్ర గ్రానైట్‌తో 1888లో కట్టిన ఆ కాపిటల్ భవనం కింద, నేలలోకి దిగిన విస్తరణలో ఆ గదులుంటాయి. అక్కడ యంత్రంలో పేరు నమోదు చేసుకున్నప్పుడు మూడింట్లో ఒకటి ఎంచుకోమంటుంది: అనుకూలం, వ్యతిరేకం, లేదా ఊరికే ‘బిల్లు మీద’. మా ఊరి తరఫున వచ్చినవాళ్లు వ్యతిరేకం నొక్కారు. నేను మూడోది నొక్కాను. పిలుపు కోసం చీకటి పడేదాకా కూర్చున్నాక దొరికిన రెండు నిమిషాల్లో, రోడ్ల గురించి మా నగరం భయం నిజమనీ, అద్దెల్లో ఉన్నవాళ్ల మాట ఆ భయంలో వినపడటం లేదనీ చెప్పాను. కమిటీలో ఒకరు తల ఊపారు, ఒకరు ఫోను చూసుకున్నారు. అంతకుమించి ఏమీ జరగలేదు. కానీ బయటికొస్తుంటే ఒక నగర ఉద్యోగి పలకరించి, ఈ మాట వచ్చేసారి చిట్టా చర్చలో చెప్పండి, ఇక్కడికంటే అక్కడ బరువెక్కువ అన్నారు. ఆమె చెప్పింది నిజమేనని ఇప్పుడు అర్థమవుతోంది. కాగితం రాయకముందు పది మంది చెబితే మాట మారుతుంది, రాశాక పది వేల మంది చెప్పినా ఊరి ప్రతినిధి కాగితంలో ఉన్నదే చదువుతాడు.

నేను విశాఖపట్నం నుంచి వచ్చాను. అక్కడ ఈ పద్ధతి ఊహకందదు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చింది, పన్నెండో షెడ్యూలులో పట్టణాలకు అప్పగించదగిన 18 పనులు రాశారు. కాగితం మీద మన నగరాలకు అమెరికా నగరాలకు లేని రాజ్యాంగ హోదా ఉంది. కానీ 2012 నుంచి 2021 దాకా విశాఖ మహానగరానికి ఎన్నికైన కౌన్సిల్ లేదు, ప్రత్యేకాధికారి పాలనే. కమిషనర్‌ను పంపేది రాష్ట్రం. ఇక్కడ సిటీ మేనేజర్‌ను కౌన్సిలే నియమించుకుంటుంది, నచ్చకపోతే తీసేస్తుంది. ఇంటిపన్ను వేసే పద్ధతిని కూడా 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అద్దె విలువ నుంచి ఆస్తి విలువకు మార్చింది. విశాఖకు ఏదైనా కావాలంటే ఎమ్మెల్యే మంత్రిని కలుస్తారు, కలిశారని పేపర్లో ఫొటో వస్తుంది. ఆ కలయికలో ఊరు ఏం అడిగిందో, ఏది వద్దందో, ఎవరి పేరు మీద అడిగిందో ఊళ్లోవాళ్లకు ముందే చూపించే కాగితం లేదు. రెండు చోట్లా ఊరు రాష్ట్రం ముందు చేయి చాచాల్సిందే. ఇక్కడ చాచే చేతిలో ఏముందో చదువుకునే వీలుంది, అంతే తేడా. ఆ తేడా చిన్నదేమీ కాదు.

ఆ వీలును మనం వాడుకోకపోవడానికి మనవాళ్లు చెప్పే కారణం ఒకటే: మనకిక్కడ ఓటు లేదు కదా. చాలామందికి నిజంగానే లేదు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా, ఆ తర్వాత పౌరసత్వం వచ్చేదాకా, మన కుర్రాళ్లలో కొందరు ఓటు లేకుండానే తల నెరిపించుకుంటున్నారు. కానీ కౌన్సిల్ ముందు మాట్లాడటానికి ఓటరు కార్డు అడగరు. పేరు రాసిస్తే చాలు. ఆస్టిన్ కమిటీ గదిలో కూడా అంతే, పౌరసత్వం అడిగే గడి ఆ యంత్రంలో లేదు. అద్దె కట్టేవాడు ఆ అద్దెలోనే ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాడు, తిండి సరుకులు, మందుల్లాంటివి తప్ప కొన్న చాలా వస్తువుల మీద అమ్మకపు పన్ను కడుతున్నాడు. అతని డబ్బుతో నడిచే ఊరు అతని తరఫున కూడా అర్జీ పెట్టాలని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

తొంభయ్యో శాసనసభ 2027 జనవరి 12న మొదలవుతుంది. దానికి ముందే ప్లేనో తన చిట్టా రాసుకోవాలి, చుట్టుపక్కల ఊళ్లూ రాసుకోవాలి. 1986 నుంచి ఉన్న టాంటెక్స్ లాంటి సంస్థలు మనకున్నాయి, నెలనెలా సాహిత్య సభలు నడిపే ఓపిక ఉన్నవాళ్లున్నారు. ఒక్క సాయంత్రం ముసాయిదా తెచ్చుకుని చదివితే సరిపోతుంది. నా వంతు మూడు నిమిషాల్లో అడగబోయేవి సిద్ధం చేసుకున్నాను. ఆదాయ పరిమితి మీద వ్యతిరేకత అలాగే ఉంచండి, కొత్త నేల లేని ఊళ్ల లెక్క వేరని అందులో రాయండి. రోజువారీ అద్దె ఇళ్ల మీద మా అధికారం కాపాడండి. అపార్ట్‌మెంట్ల విషయంలో మాత్రం ‘మా పౌరులు వద్దంటున్నారు’ అన్న వాక్యం తీసేసి, ఏ వీధిలో ఏ షరతులతో వస్తే ఒప్పుకుంటామో రాయండి. రైలు సెంటులో ఎంత వెనక్కి అడిగినా, కారు లేనివాళ్ల ప్రయాణం ఆగదన్న హామీ దాని పక్కనే ఉండాలి. పెద్దాయనకు చెప్పాను, ఆయన రోడ్ల గురించి మాట్లాడతానన్నారు. ఆఫీసు కుర్రాడు కూడా వస్తానన్నాడు. ఇద్దరూ ఒకే అంశం మీద చెరో వైపు మాట్లాడితే, ఆ రాత్రి కౌన్సిల్ ‘మా పౌరులు’ అని రాసేముందు ఎవరా పౌరులని ఒక్కసారైనా ప్రశ్నించుకోవాల్సి వస్తుంది.